నాలుగు ఐడీలతో ఆడితే తప్పేంటంటారా?

ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంట్‌లో ఒకే మనిషి మూడు నాలుగు ఐడీలతో ఆడాడని ఎక్కడ మాట వచ్చినా, వెనకేసుకొచ్చే వాదన ఒకటి రెడీగా ఉంటుంది. గ్రూపుల్లో, వీడియోల కింద కామెంట్లలో తిరిగి తిరిగి ఇప్పుడది ఒక మూసలో పడిపోయింది. దాని సారాంశం ఇదీ:

‘ప్రతి ఐడీకీ ఎంట్రీ కట్టాడు కదా, ఎవడి సొమ్మూ ఊరికే తినలేదు. పైగా ప్రైజ్ పూల్ పెరిగింది. రీఎంట్రీ ఎలాగూ ఉంది, ఇదీ అలాంటిదే. ఒకే టేబుల్ మీద కూర్చోనంత కాలం ఎవడికీ నష్టం లేదు. టోర్నీ చివర్లో ఐడీ అమ్ముకోవడం ఇద్దరి మధ్య బేరం, మూడోవాడికేం పని? ప్రపంచ చాంపియన్లే చేశారు. ఇప్పుడు పాన్, ఆధార్ అడుగుతున్నారు కాబట్టి ఇదంతా పాత కథ. పట్టుకోలేకపోతే అది సైటు చేతకానితనం.’

ఇందులో అక్కడక్కడా సగం నిజాలున్నాయి. అందుకే ఇది ఇన్నాళ్ళు చెల్లుబాటైంది. ఒక్కో ముక్కా తీసి చూద్దాం.

దానికి ముందు ఒక మాట. ఇది ఎవర్నీ ఆడమని చెప్పడానికి రాస్తున్నది కాదు. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాక దేశీ సైట్లన్నీ డబ్బు ఆటలు మూసేశాయి. ఆట చట్టబద్ధంగా ఉన్న దేశాల్లో ఉంటూ ఆడే మనవాళ్ళున్నారు. ఇక్కడే ఉండి దొడ్డిదారిన ఆడేవాళ్ళూ ఉన్నారు. వాదన మాత్రం ఇద్దరి దగ్గరా ఒకటే.

‘ఎంట్రీ కట్టాడు, పూల్ పెరిగింది’ అన్నదాంతో మొదలుపెడదాం. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కాగితం మీద పెడితే నిలబడదు.

ఎంట్రీ 1,100 రూపాయలు అనుకోండి. అందులో వెయ్యి పూల్‌కి, అంటే బహుమతుల మొత్తానికి, వంద సైటుకి. మన నాలుగు ఐడీల ఆసామి చెయ్యి తిరిగినవాడు, పెట్టిన డబ్బు మీద సగటున 20 శాతం లాభం తీస్తాడు. అంటే ఒక్కో ఎంట్రీకి సగటున 1,320 వెనక్కి తీసుకుంటాడు. పూల్‌లో వేసింది వెయ్యి, తీసింది 1,320. ఆ 320 మిగతావాళ్ళ జేబుల్లోంచి వచ్చిందే. అందులో తప్పు లేదు. బాగా ఆడేవాడు గెలవడానికే కదా ఆట. కానీ ఒక టోర్నీలో ఆ నైపుణ్యంతో కూర్చోడానికి అతనికున్నది ఒక్క కుర్చీ. బినామీ పేర్ల మీద ఇంకో మూడు కుర్చీలు లాక్కుంటే పూల్‌లో మూడు వేలు పడతాయి, నిజమే. సగటున అందులోంచి 3,960 పోతాయి. మిగతావాళ్ళకి మిగిలేది 960 తక్కువ. దీన్ని పూల్ పెరగడం అంటున్నారు.

మరి ఆట రానివాడు నాలుగు ఐడీలు పెడితే మిగతావాళ్ళకి లాభమే కదా అని అడగొచ్చు. లాభమే. కాకపోతే ఆట రానివాడు నాలుగు సిమ్‌లు, నాలుగు పాన్ కార్డులు, నాలుగు బ్యాంకు ఖాతాలు పోగేసుకుని, రెండు ఫోన్లూ రెండు లాప్‌టాప్‌లూ ముందేసుకుని తెల్లవార్లూ కూర్చోడు. అంత సరంజామా సమకూర్చుకునేవాడికి లెక్క ముందే తెలుసు.

గ్యారంటీ టోర్నీల్లో అయితే పూల్ పెరగడం అన్న మాటే అబద్ధం. పది లక్షలు గ్యారంటీ అని సైటు ప్రకటించింది. తొమ్మిది వందల మందే వచ్చారు. అదే లెక్కన పోగైంది తొమ్మిది లక్షలు, మిగతా లక్ష సైటు తన జేబులోంచి వేయాలి. వచ్చినవాళ్ళకి ఇది కలిసొచ్చే సందర్భం. వెయ్యి రూపాయలు వేసినవాడికి సగటు వాటా 1,111. ఇలాంటి టోర్నీల కోసం కాచుకుని కూర్చునేవాళ్ళుంటారు. ఇప్పుడు ఒకడు మూడు దొంగ ఐడీలు దించాడు. ఎంట్రీలు 903. పూల్ ఎంత? అదే పది లక్షలు, ఒక్క రూపాయి పెరగలేదు. సగటు వాటా 1,107కి పడిపోయింది. దొంగ ఐడీలు వేసిన మూడు వేలూ సైటు పూడ్చాల్సిన గుంటలోకి పోయాయి, పైన ఫీజు మూడు వందలు సైటుకి అదనం. మనిషికి నాలుగు రూపాయలే కదా అనొచ్చు. సరే, ఎంట్రీ లక్ష రూపాయలైతే ఎంతో మీరే వేసుకోండి. ‘ఎవడి సొమ్మూ తినలేదు’ అన్న మాట మాత్రం ఇక్కడే పోయింది.

రెండోది రీఎంట్రీ. ఈ పోలిక తెచ్చేవాళ్ళకి రీఎంట్రీ అంటే ఏంటో తెలియదని నేననుకోను. తెలిసే అంటారు. రీఎంట్రీలో మొదటి స్టాక్, అంటే మీ ముందున్న చిప్స్, పూర్తిగా పోవాలి, అప్పుడే రెండోది చేతికొస్తుంది. ఏ క్షణంలో చూసినా మీ దగ్గర ఒక్క స్టాకే ఉంటుంది. లేట్ రిజిస్ట్రేషన్ (టోర్నీ మొదలయ్యాక కూడా ఎంట్రీ తీసుకునే గడువు) మూసేశాక ఆ తలుపూ మూసుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, మళ్ళీ వచ్చింది మీరేనని టేబుల్ మీద అందరికీ తెలుసు. మీ గురించి రాసుకున్న నోట్సు, మీరు ఎప్పుడు బ్లఫ్ చేస్తారో, ఎప్పుడు పారిపోతారో అన్న లెక్క వాళ్ళ దగ్గర అలాగే ఉంటాయి. నాలుగు ఐడీలవాడికి వీటిలో ఒక్క కట్టడీ లేదు. నాలుగు స్టాకులూ ఒకేసారి బతికుంటాయి, నాలుగూ వేర్వేరు మనుషుల్లా కనబడతాయి. మొదటి ఐడీని రెండేళ్ళుగా గమనిస్తున్న ప్రత్యర్థికి నాలుగో ఐడీ ముక్కూ మొహం తెలియని కొత్తవాడు.

ఇక ఫ్రీజవుట్ టోర్నీల సంగతి చెప్పనే అక్కర్లేదు. మనిషికి ఒక్క ఎంట్రీ, పోతే పోయినట్టే అన్నదే అక్కడ ఆట.

నిజంగా ఒకే మనిషికి ఒకే టోర్నీలో ఒకేసారి చాలా ఎంట్రీలు ఇద్దామనుకున్న సైటు ఒకటుంది. 2011లో ఫుల్ టిల్ట్ పోకర్ మల్టీ ఎంట్రీ టోర్నమెంట్లు పెట్టింది. అందులో మీ ఎంట్రీలన్నీ మీ పేరు మీదే, అందరికీ కనబడేలా ఉండేవి. మీ స్టాకులు రెండు ఒకే టేబుల్ మీదికి చేరక తప్పని పరిస్థితి వస్తే వాటిని కలిపి ఒక్కటి చేసేవారు. ఎందుకు కలిపేవారో ఆలోచించండి. చీటీలో ఒకే మనిషి రెండు చీటీలు కట్టుకోవచ్చు, తన పేరు మీద, నలుగురికీ తెలిసేలా. అదే మనిషి తోడల్లుడి పేరు మీద ఇంకోటి వేసి పాట దగ్గర ఇద్దరు వేరన్నట్టు నటిస్తే ఊళ్ళో దాన్ని ఏమంటారో మనందరికీ తెలుసు. అనుమతించిన పద్ధతికీ దాచిపెట్టిన పద్ధతికీ తేడా లేకపోతే, దాచిపెట్టాల్సిన పనేంటి?

‘ఒకే టేబుల్ మీద కూర్చోకపోతే నష్టం లేదు’ అన్నది మూడోది. కాస్త ఆలోచించేవాళ్ళు కూడా పడిపోయేది ఇక్కడే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగాలి.

మొదటి సంగతి, కూర్చోకుండా ఉండటం అతని చేతిలో లేదు. సీట్లు వేసేది సైటు సాఫ్ట్‌వేర్. వెయ్యి మంది టోర్నీలో, టేబుల్‌కి తొమ్మిది మంది చొప్పున, ఏ రెండు ఐడీలైనా మొదట్లోనే ఒకే టేబుల్ మీద పడే అవకాశం నూటికి ఒకటి కూడా లేదు. నాలుగు ఐడీలుంటే ఏదో ఒక జత కలిసే అవకాశం నూటికి అయిదు దాకా ఉంటుంది. ఇక్కడిదాకా వాదన నిజమే. కానీ టోర్నమెంట్‌లో జనం తగ్గుతుంటారు, టేబుళ్ళు విరుగుతుంటాయి. 27 మంది మిగిలి మూడు టేబుళ్ళున్నప్పుడు, బతికున్న రెండు ఐడీలు ఒకే టేబుల్ మీద ఉండే అవకాశం నూటికి 31. 18 మంది, రెండు టేబుళ్ళయితే నూటికి 47. ఫైనల్ టేబుల్‌లో నూటికి నూరు. డబ్బంతా ఎక్కడుందో అక్కడికి వెళ్ళేసరికి కలవక తప్పదు. అలా కలిసినప్పుడు ఒక ఐడీని కావాలని వదిలేసి లేచిపోయే ధర్మాత్ముడు ఎవరైనా ఉంటే చెప్పండి. అలా వదిలేసినా, ఆ స్టాక్ వంతులవారీగా తప్పక కట్టాల్సిన పందేలకి, అంటే బ్లైండ్లకి కరిగిపోతూ పక్కవాళ్ళకి అయాచితంగా చిప్స్ పంచుతుంది. అదీ ఆటని వంకర చేయడమే.

కలిశాక ఏం జరుగుతుంది? ముందు ముక్కల సంగతి. మీ చేతిలో రెండు కింగులున్నాయి. ఎదుటివాడు ఆల్ ఇన్ అన్నాడు, అంటే ఉన్న చిప్సన్నీ పెట్టేశాడు. మీ భయమల్లా వాడి దగ్గర రెండు ఏసులున్నాయేమో అని. మీకు కనబడని 50 ముక్కల్లో నాలుగు ఏసులూ ఉన్నాయి. నాలుగింట్లోంచి జత కుదిరే దారులు ఆరు. అదే టేబుల్ మీద మీ రెండో ఐడీ అప్పుడే ఫోల్డ్ చేసిన (పడేసిన) ముక్కల్లో ఒక ఏసు ఉందనుకోండి. మిగిలినవి మూడు, జత కుదిరే దారులు మూడే. మీ భయం ఒక్క దెబ్బతో దాదాపు సగమైంది. ఎదుటివాడికి మాత్రం ఈ సౌకర్యం లేదు. వాడు రెండు ముక్కలు చూసి ఆడుతున్నాడు, మీరు నాలుగు చూసి ఆడుతున్నారు. ఇలాంటిది ఒక్కసారి కాదు, టేబుల్ విరిగేదాకా ముక్కలు పంచిన ప్రతిసారీ.

ఇంతకన్నా పెద్దది ఇంకోటుంది. దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. మల్టీ ఐడీ అనగానే అందరికీ గుర్తొచ్చేది చిప్స్ పారబోయడం, అంటే చిన్న స్టాక్ కావాలని ఓడిపోయి పెద్ద స్టాక్‌కి చిప్స్ అప్పజెప్పడం. సైట్లు కూడా ముందు దానికే వలేస్తాయి. ఫైనల్ టేబుల్ మీద అసలు లాభం దాంట్లో లేదు. చూడండి.

ముగ్గురు మిగిలారు. బహుమతులు 50 వేలు, 30 వేలు, 20 వేలు. చిప్స్ మీ దగ్గర 5,000. రెండోవాడి దగ్గర 3,000, మూడోవాడి దగ్గర 2,000. ఎవరి చిప్స్‌కి ఆ క్షణాన రూపాయల్లో విలువెంత అని లెక్కగట్టే పద్ధతిని ఐసీఎం అంటారు, టోర్నీలు సీరియస్‌గా ఆడేవాళ్ళందరికీ తెలిసిందే. ఆ లెక్కన మీ వాటా 38,393 రూపాయలు, రెండోవాడిది 32,750, మూడోవాడిది 28,857.

మీరు ముక్కలు పడేసి టీ తాగుతున్నారు. మిగతా ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఆల్ ఇన్ వెళ్ళారు, గెలుపు చెరిసగం. రెండోవాడు గెలిస్తే మూడోవాడు ఇంటికి, మీ వాటా 40,000. మూడోవాడు గెలిస్తే మీ వాటా 38,889. సగటు 39,444. అంటే మీరు ఏమీ చేయకుండానే మీ వాటా వెయ్యి రూపాయల పైచిలుకు పెరిగింది. టోర్నీ గణితం అంతే: ఇద్దరు కొట్టుకుంటే పక్కన కూర్చున్నవాడికి లాభం. ఆ లాభం మీ హక్కు. మీరు ఎంట్రీ కట్టినప్పుడు అది కూడా కలిపే కొన్నారు.

ఇప్పుడు ఆ రెండోవాడూ మూడోవాడూ ఒకే మనిషి అనుకోండి. ఆ కొట్లాట ఎప్పటికీ జరగదు. ఒక ఐడీ రెయిజ్ చేస్తే (పందెం పెంచితే) రెండోది తప్పుకుంటుంది, అంతే. చూసేవాడికి అందులో వింత కనబడదు, ఫోల్డ్ చేయడం నేరం కాదు కదా. మీకు రావలసిన వెయ్యి రూపాయలు మాత్రం ఆవిరి. ఎక్కడ పోయిందో మీకు తెలియదు, సైటుకీ కనబడదు.

అదే మనిషి చిప్స్ పారబోశాడనుకుందాం. 2,000 స్టాక్ మొత్తం 3,000 స్టాక్‌కి అప్పజెప్పాడు. ఇప్పుడు మీ దగ్గర అయిదు వేలు, వాడి దగ్గర అయిదు వేలు. వాడి మొత్తం వాటా 40,000కి తోడు మూడో బహుమతి 20,000, వెరసి 60,000. అంతకుముందు రెండు ఐడీల వాటా కలిపి 61,607. పారబోసినందుకు పదహారు వందలు నష్టపోయాడు, అదంతా మీకొచ్చింది! కాబట్టి లెక్క తెలిసినవాడు ఇక్కడ చిప్స్ పారబోయడు. గుట్టుగా, మర్యాదగా, ఒకదానికొకటి తగలకుండా రెండు స్టాకుల్నీ నడుపుకుంటాడు. (పెద్ద టోర్నీకి టికెట్లు ఇచ్చే శాటిలైట్లలో కథ వేరు. అక్కడ గెలిచినవాళ్ళందరికీ ఒకే టికెట్ కాబట్టి పెద్ద స్టాక్ నుంచి చావడానికి సిద్ధంగా ఉన్న చిన్న స్టాక్‌కి చిప్స్ పంపితే నిజంగానే లాభం.) ‘చిప్స్ పంపుకోలేదు, చెక్ చేసుకోండి’ అని సవాలు విసిరేవాళ్ళని చూసినప్పుడు ఈ లెక్క గుర్తు చేసుకోండి.

ఇక ఐడీ అమ్ముకోవడం. 2007లో ఫుల్ టిల్ట్ పోకర్ పది లక్షల డాలర్ల గ్యారంటీ టోర్నీ ఒకటి క్రిస్ వాన్ అనే ఆటగాడి ఐడీ గెలిచింది. ఆయన అప్పట్లో బ్లఫ్ అనే పోకర్ పత్రిక సంపాదక వర్గంలో పెద్ద స్థానంలో ఉండేవాడు. తీరా చూస్తే టోర్నీ చివరి దశలో ఆ ఐడీని సోరెల్ మిజ్జీ అనే కెనడా ప్రొఫెషనల్ కొనుక్కుని తానే ఆడాడు. సైటు గెలుపు రద్దు చేసింది, కిందున్నవాళ్ళని ఒక్కో మెట్టు పైకి జరిపింది.

ఇద్దరి మధ్య బేరమే కదా అన్న ప్రశ్నకి జవాబు ఆ ఫైనల్ టేబుల్ మీద మిగిలినవాళ్ళని అడగాలి. గంటల తరబడి ఒక మనిషితో ఆడి, వాడి ఆట తీరు పట్టుకుని, వాడు ఈ బెట్‌కి భయపడతాడు, ఆ బెట్‌కి భయపడడు అని లెక్కేసుకున్నాక, పేరు మార్చకుండా కుర్చీలో మనిషి మారిపోయాడు. అంతవరకూ వాళ్ళు రాసుకున్నదంతా చెత్తబుట్ట పాలు. అంతకంటే అన్యాయం, అది వాళ్ళని తప్పుదారి పట్టిస్తుంది కూడా. పైగా కొన్నవాడు అదే టోర్నీలో తన సొంత ఐడీతో అప్పటికే ఓడిపోయినవాడైతే, లేట్ రిజిస్ట్రేషన్ ముగిసిన ఎంతోసేపటికి, పెద్ద స్టాక్‌తో, డబ్బులకి రెండడుగుల దూరంలో రీఎంట్రీ దొరికినట్టు. ఆ ధరకి అలాంటి రీఎంట్రీ ఇంకెవరికైనా సైటు అమ్ముతుందా?

చాంపియన్లే చేశారన్నది నిజం. పేర్లు కూడా చెప్పుకుందాం. జస్టిన్ బొనోమో 2006లో పార్టీ పోకర్‌లో ఒకే టోర్నీలో పలు ఐడీలతో ఆడుతూ దొరికాడు. సైటు నిషేధించింది, దాదాపు లక్ష డాలర్లు జప్తు చేసింది. పన్నెండేళ్ళ తర్వాత, 2018లో లాస్ వెగాస్‌లో బిగ్ వన్ ఫర్ వన్ డ్రాప్ అనే టోర్నీ గెలిచి కోటి డాలర్లు అందుకున్నాడు, లైవ్ టోర్నీ సంపాదనలో అప్పటికి ప్రపంచంలోనే మొదటి స్థానానికి చేరాడు. వాదించేవాళ్ళు ఈ రెండు వాక్యాలనీ పక్కపక్కన పెట్టి ఊరుకుంటారు. ఆ గొప్ప గెలుపులన్నీ లైవ్ పోకర్‌లో వచ్చాయి, ఒక మనిషికి ఒక్క కుర్చీ తప్ప దొరకని చోట. ఆయన గొప్ప ఆటగాడని అవి రుజువు చేస్తాయి. 2006లో చేసింది తప్పు కాదని ఎలా రుజువు చేస్తాయి? ఆ తప్పుని ఆయనే బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఆయన తరఫున వాదించేవాళ్ళే ఇంకా ఒప్పుకోవడం లేదు.

అలీ ఇమ్సిరోవిచ్ కథ ఇంకా దగ్గరిది. 2021లో పోకర్‌గో టూర్ అనే టోర్నీల వరసలో ఆ ఏటి మేటి ఆటగాడు. 2022లో తోటి ప్రొఫెషనల్సే ఆయన మీద బహిరంగంగా ఆరోపణలు చేశారు, ఆ సెప్టెంబరులో అదే టూర్ ఆయన్ని సస్పెండ్ చేసింది. ఆన్‌లైన్‌లో పలు ఐడీలతో ఆడానని 2023లో ఆయనే ఒప్పుకున్నాడు. ‘పెద్దోళ్ళంతా చేస్తారు’ అంటే, ముందుగా గొంతెత్తింది ఆ పెద్దోళ్ళే అన్న సంగతి ఎక్కడికి పోయింది?

పాన్, ఆధార్ వచ్చాక సాధ్యం కాదన్నది మన దేశానికి సంబంధించిన మాట, మనవాళ్ళకి బాగా తెలిసిన మాట కూడా. కేవైసీ, అంటే ఈ గుర్తింపు తనిఖీ, ఏం రుజువు చేస్తుంది? ఆ పేరుతో ఒక మనిషి ఉన్నాడని, ఆ పాన్ అతనిదేనని. రాత్రి పదకొండింటికి బటన్ నొక్కుతున్న వేలు ఎవరిదో కేవైసీకి తెలియదు. దొంగ పేర్ల కాలం పోయి, నిజమైన మనుషుల పేర్ల కాలం వచ్చింది, అంతే. బావమరిది పాన్, నాన్న ఆధార్, హాస్టల్ రూమ్మేట్ బ్యాంకు ఖాతా. దేశీ సైట్లు నడుస్తున్న రోజుల్లో ఆంధ్ర, తెలంగాణ వాళ్ళకి ఎంట్రీ లేదు కాబట్టి బెంగళూరు ఫ్రెండు ఐడీ, ఫోన్లో లొకేషన్ మార్చే యాప్ అన్నవి ఇక్కడ కొందరికి మామూలు సరంజామా. ఒకసారి ఇంకొకడి ఐడీతో ఆడటం అలవాటయ్యాక, రెండో ఐడీ పెద్ద అడుగేం కాదు.

ఐడీ ఇచ్చినవాళ్ళ గతి గురించి ఈ వాదనలో ఒక్క ముక్కా ఉండదు. 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్ కోసేవారు. కోసేది ఎవరి పాన్ మీద? ఐడీ ఎవరిదైతే వాళ్ళ పాన్ మీద. అంటే పేకముక్క ముట్టుకోని బావమరిది 26ఏఎస్‌లో (పాన్ మీద కోసిన పన్నుల వివరాలు చూపే పత్రంలో) ఆన్‌లైన్ గేమింగ్ ఆదాయం కనబడుతుంది. రిటర్ను వేసేటప్పుడు దాన్ని చూపించాల్సింది అతను, చూపించకపోతే నోటీసు వచ్చేదీ అతనికే. డబ్బు మాత్రం అతని ఖాతాలో పడి, అదే సాయంత్రం ఫోన్‌పేలో ఇంకొకడికి వెళ్ళిపోయి ఉంటుంది. ఆ బదిలీ ఎందుకో తర్వాత వివరించుకోవాల్సిందీ ఆ బావమరిదే. చుట్టరికానికి ఇచ్చిన పాన్ కార్డు ఇంత పని చేస్తుందని ఇచ్చేటప్పుడు ఎవరూ చెప్పరు.

చివరిది, పట్టుకోలేకపోతే సైటు తప్పు అన్నది. సైటుకి బాధ్యత ఉంది, కాదనను. ప్రతి దొంగ ఐడీ కట్టిన ఎంట్రీలోనూ సైటుకి వాటా ఉంది, గ్యారంటీ టోర్నీల్లో పైన చూసినట్టు వాళ్ళ గుంట కూడా పూడుతుంది. కాబట్టి వెతకడంలో అలసత్వం ఉంటే ఆశ్చర్యపోను. ఇంకో వైపు నుంచీ చూడాలి. ఒకే వైఫై మీద ఇద్దరు ఆడినంత మాత్రాన దొంగలు కారు. భార్యాభర్తలుంటారు, ఒకే ఫ్లాట్‌లో నలుగురు కుర్రాళ్ళుంటారు. ఐపీ అడ్రస్ ఒక్కటే చూసి ఖాతాలు మూసేస్తే నిర్దోషులు బలవుతారు. అందుకే సైట్లు డివైస్ గుర్తులు, ఎంతసేపట్లో బటన్ నొక్కుతున్నారు, ఎలాంటి సైజు బెట్లు వేస్తున్నారు, ఒకరి మీద ఒకరు ఎన్నిసార్లు తలపడ్డారు అన్నవన్నీ కలిపి చూడాల్సి వస్తుంది. దానికి వారాలు పడుతుంది.

2007లో పోకర్‌స్టార్స్ సైటు నడిపే డబ్ల్యూకూప్ అనే ఆన్‌లైన్ టోర్నీల వరసలో, మెయిన్ ఈవెంట్‌లో అలాగే జరిగింది. ‘ద వాయిడ్’ అన్న ఐడీ మొదటి బహుమతి గెలిచింది, 12 లక్షల డాలర్ల పైనే. విచారణ తర్వాత సైటు ఆ ఐడీని అనర్హం చేసి, రెండో స్థానంలో ఉన్న ఆటగాణ్ణి విజేతగా ప్రకటించి, కిందివాళ్ళందరికీ ఒక్కో స్థానం పెంచి డబ్బు పంచింది. ఖాతా ఎవరి పేరు మీద ఉందో ఆమె ఐల్ ఆఫ్ మ్యాన్ కోర్టుకెక్కి, తర్వాత కేసు వెనక్కి తీసుకుంది. పట్టుకోవడం చేతనైంది, పంచడం కూడా చేతనైంది. కానీ ఆ ఐడీ మీద ఓడి పూర్తి స్టాక్ పోగొట్టుకుని మధ్యలోనే లేచిపోయినవాళ్ళకి? వాళ్ళు అప్పుడు ఓడకపోతే ఎంత దూరం వెళ్ళేవాళ్ళో ఏ సైటూ లెక్కగట్టలేదు. దొరికాక పంచారు కదా అన్నది వాళ్ళ విషయంలో చెల్లదు.

అది కూడా ఫిర్యాదు చేసుకోవడానికి ఒక కంపెనీ, కంపెనీకి ఒక లైసెన్సు, లైసెన్సుకి ఒక కోర్టు ఉన్నచోట. ఇవాళ మనవాళ్ళు కొందరు దొంగచాటుగా ఆడుతున్న క్లబ్ యాప్‌లలో అవేమీ లేవు. చిప్స్ అమ్మేది ఏజెంటు, కొనేది ఏజెంటు, కొత్త ఐడీ తెరిచి ఇచ్చేదీ ఏజెంటే. పాన్ అడగడు, పేరు అడగడు. టేబుల్ మీద ముగ్గురు ఒక్కడేనని మీకు అనుమానం వస్తే చెప్పుకోవాల్సింది అతనికే. ఆ మూడు ఐడీల మీదా కమీషన్ వెళ్ళేదీ అతనికే.